బోరు చూసి మోటారు

అమరాపురం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. నాన్నకు వక్కతోట ఉంది. వాడికి విమానాల పిచ్చి. పైలట్ కోర్సుకు లక్షలు పోసే స్తోమత లేదు కాబట్టి రాత్రి తొమ్మిది దాటాక కంప్యూటర్లోనే నడుపుకుంటాడు. రెండేళ్లు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు చేతిలో ఉంది. గ్రాఫిక్స్ కార్డు కొనాలి.

"అన్నా, 5070 చాల్తుందా, 5080కి పోవల్లా?"

"మీ బోర్లో నీళ్లెన్నప్పా?" అన్నాను.

ఒక్క క్షణం ఆగాడు. "రెండించులు. ఎండాకాలం ఒకటిన్నర."

"మోటరు?"

"ఏడున్నర హార్స్‌పవర్."

"పదిహేనుది దింపి ఉంటే?"

నవ్వాడు. "గంటకే గాలి కొడ్తాదన్నా."

అనంతపురం సీమలో పుట్టినవాడికి గ్రాఫిక్స్ కార్డు గురించి ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు. కార్డు మోటారు. ప్రాసెసర్ బోరు. ఊట ఎంతో తెలుసుకోకుండా మోటారు బేరం చేసేవాణ్ణి మన ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు. కంప్యూటర్ కొనేటప్పుడు మాత్రం అందరం ఆ పనే చేస్తాం. ఒక్క తేడా ఉంది. నీళ్లు లేని బోర్లో మోటారు కాలిపోతుంది, తప్పు మరుసటి రోజే తెలుస్తుంది. కార్డు కాలదు. సగం పనితో హాయిగా కునుకు తీస్తుంది. తప్పు చేశామని మనకు ఏళ్లకేళ్లు తెలియదు.

నాకు ఆర్నెల్లు తెలియలేదు. 2023లో నా దగ్గర ఉన్నది పాత ఐ5-8400 ప్రాసెసర్, దానికి 1050 టీఐ కార్డు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయంలో దిగుతుంటే, రన్‌వే ఇంకా రెండొందల అడుగుల కింద ఉండగానే బొమ్మ ఆగి ఆగి కదిలేది. ఆ చివరి పది సెకన్లలోనే గదా ముక్కు లేపాలి, ఇంజిన్లు తగ్గించాలి! తెర మీద విమానం ఎక్కడుందో, నిజానికి ఎక్కడుందో పొంతన ఉండేది కాదు. తప్పంతా కార్డుదే అనుకున్నాను. ముప్పై వేల పైచిలుకు పెట్టి ఆర్‌టీఎక్స్ 4060 తెచ్చాను. అమ్మినాయన "ఇంక మీకు తిరుగు లేదు సార్" అన్నాడు. నేను కూడా నమ్మాను, ఎందుకంటే నమ్మాలని ఉండింది.

బొమ్మ అందంగా వచ్చిన మాట నిజం. మేఘాలు దూదిలా ఉన్నాయి. బెంగళూరులో దిగేటప్పుడు మాత్రం సెకనుకు 26 ఫ్రేములు వచ్చే చోట 31 వచ్చాయి. అంతే. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే కొత్త కార్డు నలభై ఐదు శాతం దగ్గర కూర్చుని ఉంది. ముప్పై వేల మోటారు, ఇంచి నీళ్లు!

సిమ్యులేటర్ మిగతా ఆటల్లాంటిది కాదు, ఇక్కడే తేడా. రెక్క మీద గాలి ఎంత ఒత్తుతోంది, చుట్టూ ఎన్ని విమానాలు తిరుగుతున్నాయి, కాక్‌పిట్‌లో ఒక్కో గడియారం ఏం చూపాలి, కింద ఏ చెట్టు ఏ ఇల్లు ఎక్కడ నిలబెట్టాలి అన్న లెక్కంతా ప్రాసెసర్ది. అందులో పెద్ద భాగం ఒకే వరుసలో, ఒకదాని తర్వాత ఒకటిగా జరగాలి. పదహారు కోర్లున్నా ఆ వరుసను మోసేది ఒకటే. లెక్క చేతికొచ్చాకే కార్డు రంగులేసి తెర మీద పెడుతుంది. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. లెక్కకే 40 మిల్లీసెకన్లు పడితే వచ్చేవి 25 ఫ్రేములే. లోకంలోకెల్లా ఖరీదైన కార్డు తెచ్చి పెట్టినా 25 దాటవు.

కాబట్టి దుకాణానికి పోకముందు ఇంట్లో ఒక పని చేయండి. పైసా ఖర్చు లేదు. మీరు తరచూ ఇబ్బంది పడే చోటికి విమానం తీసుకుపోండి. పెనుకొండ కోట మీద చక్కర్లు కొట్టి "నాకు అరవై వస్తున్నాయి" అని మురిసిపోతే లాభం లేదు. కొండలు, పొలాలు, నాలుగు ఇళ్లు ఉన్న చోట ఏ కార్డయినా నెగ్గుతుంది. లండన్, న్యూయార్క్ లాంటి నగరాలకు ఆ సిమ్యులేటర్‌లో ఆకాశం నుంచి తీసిన ఫొటోలతో కట్టిన నిజమైన భవనాలుంటాయి. మన పల్లెలకు ఆ భాగ్యం లేదు. అమరాపురం పక్కనే హేమావతి, నొళంబుల రాజధాని. అక్కడి గుడి నల్లరాతి స్తంభాల నునుపు చూసినవాడు మర్చిపోడు. సిమ్యులేటర్‌లో ఆ చోట వెతికితే నాలుగు పెంకుటిళ్లలాంటివేవో నిలబెట్టి ఉంటాయి, అంతే. సంగతేమంటే, మీ పరీక్ష కష్టమైన చోట జరగాలి. పెద్ద విమానాశ్రయం, పెద్ద విమానం, సాయంత్రం వేళ, మబ్బు పట్టి ఉండాలి.

అక్కడ ఫ్రేములెన్నో రాసుకోండి. తర్వాత సెట్టింగుల్లో రెండర్ స్కేలింగ్‌ను 100 నుంచి 60కి దించండి. బొమ్మ మసకబారుతుంది, పరవాలేదు. ఇప్పుడు ఫ్రేములు బాగా పెరిగితే ఇరుకు కార్డు దగ్గర ఉన్నట్టు, కొత్తది కొనండి. ఫ్రేములు కదలకుండా అక్కడే నిలబడితే కార్డు మార్చినా కదలవు. ఇంకా తేటగా తెలియాలంటే డెవలపర్ మోడ్ ఆన్ చేసి, పైన వచ్చే డీబగ్ మెనూలో డిస్‌ప్లే ఎఫ్‌పీఎస్ నొక్కండి. మూలన ఒక పెట్టె వస్తుంది. అందులో "లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్" అని ఉంటే ప్రాసెసర్, "లిమిటెడ్ బై జీపీయూ" అని ఉంటే కార్డు. ఆ మాట నేను ఆర్నెల్లు ఆలస్యంగా చదివాను.

ప్రాసెసర్ దగ్గరే ఇరుకని తేలినా వెంటనే డబ్బు తీయకండి. టెర్రైన్ లెవల్ ఆఫ్ డీటెయిల్ అనే అంకె 200 ఉంటే 100 చేసి చూడండి. ఎయిర్ ట్రాఫిక్ సగానికి తగ్గించండి. ఈ రెండూ ప్రాసెసర్ మెడ మీద కూర్చునేవి. అప్పటికీ చాలకపోతే ప్రాసెసర్ మార్చే ఆలోచన చేయండి. సిమ్యులేటర్‌కు గిగాహెర్ట్జ్ కంటే ప్రాసెసర్ లోపలి మెమరీ అయిన క్యాష్ మీద ప్రేమ ఎక్కువ. ఏఎండీ వాళ్లు 2022 ఏప్రిల్‌లో తెచ్చిన రైజెన్ 7 5800 ఎక్స్3డీ లో 96 ఎంబీ క్యాష్ ఉంది, దాని అన్న 5800 ఎక్స్‌లో ఉన్నది 32. తర్వాత వచ్చిన 7800 ఎక్స్3డీ, 9800 ఎక్స్3డీ కూడా ఆ దారిలోవే. విమానాలు నడిపేవాళ్లు వీటి కోసం ఎగబడటానికి కారణం ఇదే.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఆర్‌టీఎక్స్ 40 వరుస నుంచి ఫ్రేమ్ జనరేషన్ అనే సౌకర్యం ఉంది. రెండు నిజమైన ఫ్రేముల మధ్య కార్డే ఒక ఫ్రేమును ఊహించి గీసేస్తుంది. దీనికి ప్రాసెసర్‌తో పని లేదు కాబట్టి నా 31 ఫ్రేములు తెర మీద యాభై దాటాయి. రేడియన్ కార్డులకూ డ్రైవర్‌లోనే ఇలాంటిది ఉంది. గాలిలో ఉన్నంతసేపు హాయిగా ఉంటుంది. కానీ ఎత్తు చూపే అంకెలు గబగబా తిరిగేటప్పుడు ఒకదాని మీద ఒకటి అలికినట్టు కనిపిస్తాయి. పైగా మీ చేతికి అందేది ఇంకా ఆ 31 లెక్కే. మజ్జిగలో నీళ్లు కలిపితే చెంబు నిండుతుంది, చిక్కదనం రాదు. అతిథులు ఎక్కువమందయితే అదీ పనికొస్తుందనుకోండి.

ఇక పరీక్షలో కార్డే దోషి అని తేలిందనుకోండి. ఏది కొనాలి?

అందరూ పేరులోని అంకె చూస్తారు. నేను ముందు మెమరీ చూడమంటాను. మైక్రోసాఫ్ట్ వాళ్లే 2024 నవంబర్లో వచ్చిన కొత్త సిమ్యులేటర్‌కు కనీసం 4 జీబీ, సిఫార్సు 8 జీబీ, ఆదర్శం 12 జీబీ కార్డు మెమరీ అని చెప్పారు. ఎందుకింత? కాక్‌పిట్‌లో ఒక ప్యానెల్ మీద అతికించే బొమ్మ అటు 4096, ఇటు 4096 చుక్కలు అనుకోండి. మొత్తం కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు చుక్కలు. చుక్కకు 4 బైట్ల లెక్కన 64 ఎంబీ. బాగా కుదించి పెట్టినా 16 ఎంబీ. మంచి ఎయిర్‌బస్ కాక్‌పిట్‌లో ఇలాంటివి పదుల కొద్దీ ఉంటాయి. దానికి బయట రంగులు, విమానాశ్రయం, పక్కన నిలబెట్టిన విమానాలు, నేల, మబ్బులు కలపండి.

మెమరీ నిండితే ఆట ఆగిపోదు. మిగిలింది కంప్యూటర్ ర్యామ్‌లోకి పోయి, అవసరమైనప్పుడల్లా మదర్‌బోర్డు స్లాట్ గుండా రావాలి. నా 4060 లోపలి మెమరీ వేగం సెకనుకు 272 జీబీ. నా పాత బోర్డు పీసీఐఈ 3.0. ఈ కార్డు స్లాట్‌లో ఎనిమిది లేన్లే వాడుకుంటుంది కాబట్టి ఆ దారిలో సెకనుకు 8 జీబీకి మించి రాదు. ముప్పై నాలుగు రెట్లు తేడా! నాలుగు లేన్ల హైవే మీద నుంచి ఒక్కసారిగా చేను గట్టు మీదికి బండి దిగినట్టు. ఫ్రేముల సగటు బాగానే కనిపిస్తుంది, నిమిషానికోసారి మాత్రం బొమ్మ గతుక్కుమంటుంది. పాత బోర్డు ఉన్నవాళ్లు 8 జీబీ కార్డుకు దూరంగా ఉండాలని నేను చెప్పేది అందుకే. టెక్స్‌చర్ రిజల్యూషన్‌ను అల్ట్రా నుంచి హైకి దించితే కొంత ఊపిరాడుతుంది, నిజమే. కొత్త కార్డు కొన్న మొదటి రోజే దించుకోవడం మాత్రం ఎవరికి ఇష్టం?

ధర్మవరంలో పట్టుచీర కొనేటప్పుడు మా అమ్మ అంచు చూసి మురిసిపోదు. కొంగు తిప్పి లోపలి వైపు చూస్తుంది, జరీ గోటితో గీరుతుంది. కార్డు అట్టపెట్టెను కూడా అలా తిప్పి చూడాలి, ఎందుకంటే ఒకే పేరుతో రెండు సరుకులు అమ్ముతారు. 4060 టీఐలో 8 జీబీది ఉంది, 16 జీబీది ఉంది. 5060 టీఐ, రేడియన్ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అంతే. 3060 మొదట 12 జీబీతో వచ్చింది, తర్వాత 8 జీబీది కూడా వదిలారు. లాప్‌టాప్‌లో 4070 అని ఉంటే అది 8 జీబీ, డెస్క్‌టాప్ 4070లో 12. పేరు ఒకటే కదా అని ధర తక్కువున్న చోట కొన్నవాడు ఇంటికొచ్చాక పెట్టె పక్కనున్న చిన్న అక్షరాలు చదువుకుంటాడు.

తెర సంగతి చిన్నదే కానీ చాలా డబ్బు మిగిల్చేది. 1080పీ తెరలో ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు. 4కేలో ఎనభై మూడు లక్షలు, అంటే నాలుగింతలు. ఒకే కార్డు ఒకచోట రాజు, ఇంకోచోట బిచ్చగాడు. మీ తెర 1080పీ, 60 హెర్ట్జ్ అయితే, వచ్చే మూడేళ్లు మార్చే ఆలోచన లేకపోతే, 5080 మీకు ఎందుకు? కాల్పుల ఆటలో 144 ఫ్రేములు కావాలేమో, విమానానికి స్థిరంగా నలభై వస్తే బంగారం. పెద్ద విమానాలు నడిపేవాళ్లు చాలామంది కావాలని ముప్పైకి కట్టేసుకుని సుఖంగా ఉంటారు.

1080పీకి నా లెక్క 12 జీబీ, వీలైతే 16 జీబీ ఉన్న మధ్యతరగతి కార్డు. 5060 టీఐ 16 జీబీ, 9060 ఎక్స్‌టీ 16 జీబీ ఈ కోవలోవి. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంది, కానీ దానికి రీసైజబుల్ బార్ ఉన్న బోర్డు కావాలి, పాత కంప్యూటర్‌కు పెట్టకండి. 1440పీ తెరకు ఒక మెట్టు పైకి పోండి. 4కే, వీఆర్ జోలికి పోయేవాళ్లకు ఈ అధ్యాయం అవసరం ఉండదు, వాళ్ల దగ్గర డబ్బుంది.

కరెంటు గురించి మాత్రం మన ఊళ్లకు సరిపడా ఎవరూ రాయరు. బెంగళూరు ఫ్లాట్‌లో కూర్చుని రాసేవాళ్లకు కరెంటు అంటే గోడలో ఉండే వస్తువు. మనకు అది వచ్చిపోయే చుట్టం. 5060 టీఐ కార్డు 180 వాట్లు తాగుతుంది, 5070 అయితే 250, 4090 అయితే 450. మీ బల్ల కింద ఉన్న 600 వీఏ యూపీఎస్ చాలా రకాల్లో మోయగలిగేది 360 వాట్లు. పాత చిన్న కార్డుకు అది సరిపోయేది. పెద్ద కార్డు పెట్టాక, విమానం గాల్లో ఉండగా కరెంటు పోతే యూపీఎస్ కూడా "కీ" మని ఒక అరుపు అరిచి కూలబడుతుంది. రెండు గంటలు ఎగిరి వచ్చిన ప్రయాణం గాల్లో కలిసిపోతుంది. కాబట్టి కార్డు బడ్జెట్‌లోనే యూపీఎస్, మంచి కంపెనీ 650 వాట్ల ఎస్ఎంపీఎస్ కలిపి లెక్కేయండి. క్యాబినెట్‌తో ఉచితంగా ఇచ్చిన ఎస్ఎంపీఎస్ మీద నలభై వేల కార్డు పెట్టడం, మట్టిగోడ మీద నీళ్ల ట్యాంకు కట్టడం ఒకటే. ఎండకి అమరాపురం అనంతపురమంత కఠినం కాదు, కానీ దుమ్ము అంతటా ఒకటే. నెలకోసారి బ్లోయర్‌తో ఊదండి, ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలు అడ్డం పెట్టండి.

మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని 300 మిల్లీమీటర్లు దాటుతాయి. దర్జీ టేపు తీసుకుని క్యాబినెట్ లోపల కొలవండి, వెనక స్లాట్ నుంచి ముందు ఫ్యాను దాకా. ఒకాయన కొలవకుండా తెచ్చుకుని, హార్డ్‌డిస్క్ పెట్టే తొట్టిని ఆక్సా బ్లేడుతో కోయడం నేను కళ్లారా చూశాను. ఇనుప పొట్టు బోర్డు మీద రాలింది. ఆ తర్వాత కథ చెప్పను.

సెకండ్‌హ్యాండ్ అంటే భయపడక్కర్లేదు, ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి అంతే. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకున్నాక, రాత్రింబవళ్లు నాణేలు తవ్విన కార్డులు గుట్టలుగా బజారుకొచ్చాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో గానీ సికింద్రాబాద్ సీటీసీలో గానీ కొంటే అక్కడే కంప్యూటర్‌కు తగిలించి జీపీయూ-జెడ్ తెరవమనండి. పేరు మార్చి అమ్మే పాత కార్డులు దాంట్లో దొరికిపోతాయి. తర్వాత ఫర్‌మార్క్ పదిహేను నిమిషాలు నడిపించండి. అమ్మేవాడు "అంతసేపు ఎందుకు సార్" అంటే లేచి నిలబడండి. కొత్తదయితే జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. హిందూపురంలో రైలెక్కి బెంగళూరు సర్వీస్ సెంటర్‌కు పోవాల్సి వచ్చిన రోజు ఆ కాగితమే మీ వెంట ఉండేది.

ఇంటర్నెట్ సంగతి ఒక్క మాట. 2024 సిమ్యులేటర్ నేలను ఎగురుతుండగానే దించుకుంటుంది, కనీసం 10 ఎంబీపీఎస్, సిఫార్సు 50. మీ ఊళ్లో నెట్ సాయంత్రం వేళ మొరాయిస్తుంటే ఎంత పెద్ద కార్డయినా కింద నేల మట్టి ముద్దలాగే కనిపిస్తుంది. అలాంటివాళ్లు ఎక్స్-ప్లేన్ 12 చూడొచ్చు, దాని నేల ఒకసారి దించుకుంటే చాలు. ఉచితంగా కావాలంటే ఫ్లైట్‌గేర్ ఉంది.

అమరాపురం కుర్రాడి దగ్గర ఉన్నది రైజెన్ 5 3600, 1660 సూపర్, 16 జీబీ ర్యామ్, 1080పీ తెర. చెప్పినట్టే పరీక్ష చేసి ఎఫ్‌పీఎస్ పెట్టె ఫొటో పంపాడు. మెయిన్‌థ్రెడ్. 5080 ముచ్చట అక్కడితో అయిపోయింది. బోర్డు బయోస్ అప్‌డేట్ చేసి, దొరకబుచ్చుకున్న పాత 5800 ఎక్స్3డీ పెట్టాడు. ర్యామ్ 32 చేశాడు. బోర్డు పీసీఐఈ 3.0 కాబట్టి 8 జీబీ వద్దని నేను పట్టుబట్టాను, 5060 టీఐ 16 జీబీ తీసుకున్నాడు. యూపీఎస్ 1000 వీఏది. 5080 కోసం అనుకున్న డబ్బులో ఇంకా కొంత మిగిలింది.

ఒక ఆదివారం వాళ్లింటికి పోయాను. పుట్టపర్తి రన్‌వే నుంచి సెస్నా లేపి నేరుగా పడమరకు తిప్పాడు. ఎడమ వైపు పెనుకొండ కొండ పోయింది. అరగంట లోపే వక్కతోటలు ముదురాకుపచ్చ గీతల్లా కింద పరుచుకున్నాయి, చెట్లు ఒక్కటీ వణకలేదు. వాళ్ల నాన్న తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తెర మీద వేలు పెట్టాడు.

"ఇది మన ఫారంపాండే గదరా?"

"అవున్నాయనా."

"నిండా ఉన్నాయే నీళ్లు. యా సంవత్సరంవిరా ఇవి?"